పదకొండు అడుగుల మూడు అంగుళాలు

పళ్లావిడ రోజూ పొద్దున్న ఐదింటికి లేస్తుంది. పళ్లావిడంటే పళ్లు అమ్మే మనిషి కాదు, కట్టుడు పళ్లు చేసే మనిషి. డాక్టర్లు జనం నోళ్ల అచ్చులు తీసి పంపిస్తే, మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కో పన్నూ వరసగా పేర్చి, అరగదీసి, మెరుగు పెట్టి పంపడం ఆమె పని. వీధిలో ముసలివాళ్లలో సగంమంది నవ్వు ఆమె చేతి మీదుగా వచ్చిందే. అలాంటి మనిషికి నలభై రెండేళ్లొచ్చాక ఇదేం సరదా అని చుట్టుపక్కలవాళ్లు అనుకున్నారు గానీ, ఎవరి పిచ్చి వాళ్లకానందం.

ఆ పిచ్చి పేరు ట్రయథ్లాన్. చెరువులో రెండు కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డుకొచ్చి తడిబట్టల మీదే సైకిలెక్కి తొంభై కిలోమీటర్లు తొక్కాలి. సైకిలు దిగి ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తాలి. అన్నీ ఒకే రోజు, మధ్యలో కూర్చోవడాలూ కబుర్లూ లేకుండా. "వెనకాల ఎవరూ తరమకుండా ఎవరైనా ఇంత పరిగెత్తుతారా?" అని మొదట్లో ఆమె మొగుడు అడిగాడు. తర్వాత అడగడం మానేసి, సైకిలు గొలుసుకి నూనె వెయ్యడం నేర్చుకున్నాడు.

సోమ, గురువారాలు ఈత. మంగళ, శుక్రవారాలు పరుగు. బుధ, శని, ఆదివారాలు సైకిలు. వీధిలో లారీల మధ్య తొక్కడానికి భయమేసి, ముందు గదిలో సైకిలు వెనక చక్రాన్ని ఇనప స్టాండుకి బిగించి, కిటికీకి ఎదురుగా కూర్చుని తొక్కేది. అలా గంట తొక్కితే ఇల్లు జానెడు ముందుకి జరిగేది. తొక్కినప్పుడు ఏదో ఒకటి కదలాలి కదా అన్నాడు మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. నెలకోసారి నీళ్ల గొట్టానికి తొమ్మిదడుగుల ముక్క అతికించేవాడు. కరెంటు తీగని మాత్రం మొదట్లోనే పెద్ద చుట్టగా వదిలిపెట్టి, ఇల్లు జరిగిన కొద్దీ ఒక్కో మెలికా విప్పేవాడు. "నా ఉద్యోగం పైకీ కిందికీ, మా ఆవిడది ముందుకి" అని తోటి పనివాళ్లతో చెప్పుకుని మురిసిపోయేవాడు. పదమూడేళ్ల కూతురు మాత్రం బడికి బయల్దేరుతూ, వీధి ఇవాళ నిన్నటికంటే దూరమైందని సణిగేది. పోస్టుమాన్ ఏమీ అనకుండా ఆ నాలుగడుగులూ ఎక్కువ నడిచి ఉత్తరాలు ఇచ్చి పోయేవాడు.

జరిగిన ప్రతి అంగుళానికీ లెక్క రాసింది మామగారు. ఆయన ముప్పై ఎనిమిదేళ్లు సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. ఎండకి కమిలిన మెడ, బిగించి కట్టిన చెప్పులు, చొక్కా జేబులో సుద్దముక్క. ప్రతి ఆదివారం గుమ్మం ముందు గీత గీసి, టేపు పరిచి, వేలితో నొక్కి చూసి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. కోడలు సైకిలు తొక్కడం మంచిదా చెడ్డదా అని ఆయన ఎన్నడూ అనలేదు. ఎంత జరిగిందో చెప్పేవాడు, అంతే.

ఇంటి పెరటి తలుపు వీధి వైపు. ముందు గుమ్మం ఒక ఖాళీ స్థలం వైపు. ఆ స్థలం చేటలా ఉంటుంది, ఇటు వెడల్పు, అటు ఇరుకు. రెండు పక్కలా నిలువెత్తు గోడలు. ఇరుకు కొసన ఒక చిన్న ఇల్లు ఉంది. ఆ ఇంట్లో అత్తగారు ఒక్కతే ఉంటుంది.

అది ఆవిడ అక్కగారి ఇల్లు. ఐదేళ్ల కిందట ఆ అక్కగారికీ గోడ అవతలివాళ్లకీ హద్దు తగాదా వచ్చింది. మామగారి మాటంటే ఇరువైపులా గురి. కొలవమని ఆయన్నే పిలిచారు. ఆయన కొలిచాడు. వదినగారి వంటింటి గోడ అవతలివాళ్ల స్థలంలోకి బెత్తెడు పోయి ఉంది. బెత్తెడంటే నాలుగు వేళ్లు.

"ఆ నాలుగు వేళ్లూ కళ్లు మూసుకుంటే మీదేం పోయింది?" అంది అత్తగారు.

"టేపుకి చుట్టరికాలు ఉండవు" అన్నాడు మామగారు.

గోడ పడగొట్టారు. ఆ వానాకాలమంతా అక్కగారు పట్టా కప్పిన వంటింట్లో వండుకుంది. మరుసటేడు పోయింది. డాక్టరు గుండె అన్నాడు. అత్తగారు గోడ అంది. నెల తిరిగేలోగా రెండు సంచులు సర్దుకుని, ఇంక ఈ గడప తొక్కనని చెప్పి, అక్క ఇంటికి వెళ్లిపోయింది. గోడని బెత్తెడు లోపలికి మళ్లీ కట్టించుకుంది. కొడుకూ కోడలూ రోజూ వెళ్లి చూసొస్తారు. మనవరాలు బడి నుంచి నేరుగా అక్కడికే పోతుంది. ఆవిడకీ మామగారికీ మధ్య మాత్రం నాలుగేళ్లుగా ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఆయన ఆ కుందేటిని బోర్లా పడుకోబెట్టి లెక్కపెట్టి, నాలుగని రాసి సంతకం పెట్టే రకం.

ఇక పళ్లావిడ సంగతి. పోయిన ఏడు పందెంలో ఆమె చెరువు మధ్యలోనే ఆగిపోయింది. ఎవరి మడమో మొహానికి తగిలింది, నీళ్లు మింగింది, ఊపిరి అందలేదు. చెయ్యెత్తింది. పడవలోకి లాగారు. ఒడ్డున కూతురు చూస్తుండగా దుప్పటి కప్పుకుని దిగింది. ఎవరూ ఒక్క మాటా అనలేదు గానీ ఆ సిగ్గు ఏడాదంతా ఆమెని వదల్లేదు. పళ్లకి మెరుగు పెడుతున్నా గుర్తొచ్చేది. ఈసారి ఎలాగైనా పరుగు చివర గీత దాటాలి. ఆమెకి కావలసిందల్లా అదే.

పందెం ముందు వారం పది రోజులు కాళ్లకి విశ్రాంతి ఇవ్వాలని ఈ ఆటలో ఒక నియమం ఉంది. ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకి అది మింగుడుపడదు. ఈత కొలను దగ్గర ఈల వేసే పెద్దాయనే ఆమెకి కోచ్. ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "ఇప్పుడు తొక్కితే కొత్త బలం రాదు, ఉన్నది పోతుంది. సైకిలు ముట్టుకోకు. సోఫాలో కూర్చో. మీ ఇంట్లోవాళ్లు నిన్ను మర్చిపోయి ఉంటారు, కాస్త కనిపించు." ఆమె బుద్ధిగా సోఫాలో కూర్చుంది. ఇల్లు కూడా కదలకుండా నిలబడింది.

పందెం ఆదివారం. దానికి ముందు సోమవారం సాయంత్రం మనవరాలు వచ్చి పుస్తకాల సంచి కిందపడేసి చెప్పింది.

"తాతయ్యా, నానమ్మ వెళ్లిపోతోంది."

"ఎక్కడికి?"

"అత్త వాళ్ల ఊరికి. ఆదివారం తొమ్మిదింటికి అత్త వ్యాను తీసుకొస్తోందట."

"ఎన్నాళ్లకి?" అన్నాడు మామగారు. ఆ అత్త ఆయన కూతురే.

"ఇంక రాదట. ఇల్లు ఎవరికైనా అద్దెకిమ్మంది."

మామగారు టేపు తీసుకుని బయటికి వెళ్లాడు. చీకటి పడేదాకా ఆ స్థలంలో అటూ ఇటూ వంగి లేస్తూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్న కోడలు ఉన్న గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మంచినీళ్లు కూడా తనే ముంచుకుని తాగే మనిషి. ఈ పద్దెనిమిదేళ్లలో కోడల్ని ఇది చేసిపెట్టమ్మా అని అడిగింది లేదు.

"అమ్మాయ్, ఈ వారం తొక్కవా?"

"లేదు మామయ్యా. సైకిలు ముట్టుకోవద్దన్నారు కోచ్ గారు."

"అలాగా." వెళ్లబోయి ఆగాడు. "ఇల్లు ఇంకో పదకొండు అడుగుల మూడు అంగుళాలు జరిగితే రెండు మూలలూ అటూ ఇటూ గోడలకి ఆనుకుంటాయి. అప్పుడు పక్కనుంచి దారి ఉండదు. వీధిలోకి పోవాలంటే మన ఇంట్లోంచే పోవాలి."

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అత్తయ్య దారి మూసేద్దామంటారా?"

"అడక్కూడదనుకుంటూనే అడుగుతున్నాను. కుదరదంటే కుదరదనే చెప్పు. ఏమీ అనుకోను."

ఆమె పనికి వెళ్లిపోయింది. ఆ రోజు ఎవరిదో పెద్దాయన పైపళ్ల సెట్టు చేతిలో ఉంది. ముందు కోపమే వచ్చింది. ఏడాది కష్టం నాది, తగాదా వాళ్లది అనుకుంది. తర్వాత లెక్క వేసింది. గంటకి జానెడు, అంటే పదిహేను గంటలు. బుధ, గురు, శుక్రవారాలు నాలుగేసి గంటలు, శనివారం పొద్దున్న మూడు. శనివారం సాయంత్రం నాలుగులోపు సైకిలు చెరువు దగ్గర అప్పగించాలి కాబట్టి సరిగ్గా సరిపోతుంది. సరిపోవడం చూసి ఇంకా కోపమొచ్చింది. సరిపోకపోతే ఎంత హాయిగా ఉండేది!

సాయంత్రం మొగుడితో చెప్పింది.

"అమ్మని ఉండమని అడిగితే పోదూ, ఇదంతా ఎందుకు?" అన్నాడతను.

"మీరు అడిగారా?"

"మూడుసార్లు."

"నేను ఐదుసార్లు."

"నాన్న అడిగితే ఉండేదేమో" అన్నాడు మొగుడు.

"ఆయన అడగరు. కొలుస్తారు. ఆయనకి వచ్చింది అదే."

బుధవారం సెలవు పెట్టి సైకిలెక్కింది. కూతురు బడి ఎగ్గొట్టి అరటిపండ్లు ఒలిచి ఇస్తూ పక్కన కూర్చుంది. ముందు గదిలో ఫ్యాను చాలక కిటికీలన్నీ తెరిచారు. బయట మామగారు గోడ మూల దగ్గర గొంతుక్కూర్చుని, గంటకోసారి ఎంత మిగిలిందో చెప్పేవాడు. ఆ సాయంత్రానికి ఎనిమిది అడుగుల మూడు. గురువారం ఐదడుగుల మూడు. తొడలు రాళ్లలా బిగుసుకున్నాయి. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని పక్కవాటుగా దిగింది. కోచ్ దగ్గర్నుంచి ఫోనులో సందేశం వచ్చింది, కాళ్లెలా ఉన్నాయని. తేలిగ్గా ఉన్నాయని రాసింది. ఆ అబద్ధం ఆమెకి తొడల నొప్పికంటే ఎక్కువ గుచ్చుకుంది.

అత్తగారికి తెలియలేదా అంటే, కిటికీ నిండా ఇల్లు పెరుగుతూ వస్తుంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆవిడ తెర వేసుకుంది. శుక్రవారం మనవరాలు వెళ్లినప్పుడు మాత్రం, సామాను కడుతూ, ఏమీ పట్టనట్టు అడిగింది.

"పందెం ముందు మీ అమ్మ కాళ్లకి రెస్టు ఇవ్వాలి కదే?"

"అవును నానమ్మా."

"మరి తొక్కుతోందేం?"

"తాతయ్య అడిగాడు."

అత్తగారు ముడి వేస్తున్నదల్లా ఆగి, మళ్లీ వేసింది. ఆ సాయంత్రానికి ఇంటి పక్కన మనిషి సంచితో పట్టేంత సందు ఇంకా ఉంది. సామాను వీధిలోకి చేర్పించుకోవాలంటే కొడుక్కి ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. ఆ సంగతి పళ్లావిడకి తర్వాత తెలిసింది గానీ, అప్పుడే తెలిసుంటే తొక్కడం కాస్త తేలికయ్యేది.

శనివారం పదకొండున్నరకి ఇంటి రెండు మూలలూ గోడలకి ఆనుకున్నాయి. అల్మరాలో గిన్నెలు ఒకసారి కదిలాయి, అంతే. మామగారు వచ్చి, "చాలమ్మా" అన్నాడు. ఆమె దిగబోతే మోకాళ్లు వంగలేదు. మొగుడూ కూతురూ చెరో పక్కా పట్టుకుని దింపారు. మొగుడు స్టాండు విప్పి, సైకిలు కారు మీదికెక్కించాడు.

ఆదివారం పొద్దున్న చెరువు నీళ్లు చల్లగా, మసగ్గా ఉన్నాయి. ఈల వెయ్యగానే జనమంతా ఒక్కసారి దూకారు. పోయిన ఏటి లాగానే ఎవరి చెయ్యో చెంప మీద తగిలింది. ఆమె పక్కకి తిరిగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొహం నీళ్లలో పెట్టింది. పడవ కనిపించింది. దాన్ని దాటి పోయింది. ఈతకి చేతులుంటే చాలు, చేతులు విశ్రాంతిగానే ఉన్నాయి. తన కాళ్ల మీద తను ఒడ్డెక్కినప్పుడు, ఎదురుగా మొగుడు చొక్కా తడిసేలా ఏడుస్తున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, గర్వమేసింది. ఆ తర్వాత సైకిలెక్కింది.

సరిగ్గా అదే సమయానికి ఇంటి దగ్గర వీధిలో వ్యాను హారను మోగింది.

అత్తగారు తన గేటు తీసుకుని, రెండు చేతులా రెండు సంచులతో బయటికి వచ్చింది. ఎదురుగా నాలుగడుగుల్లో ఇల్లు. అటు గోడ, ఇటు గోడ. గుమ్మంలో మామగారు, ఆయన వెనక మనవరాలు.

"దారి మూసేశారు" అంది ఆవిడ, మనవరాలితో. "ఇది ఎవరి స్థలమో మీ తాతయ్యని అడగవే."

"నాది కాదు" అన్నాడు మామగారు. మనవరాలి మీదుగా కాదు, సూటిగా ఆవిడతోనే. "ఇన్నాళ్లూ జరిగింది సైకిలు వల్ల జరిగింది. ఈ ఆఖరి పదకొండు అడుగుల మూడు అంగుళాలు మాత్రం నేనే కావాలని జరిపించాను. ఇది ఆక్రమణ. తప్పని తెలిసే చేశాను."

ఆవిడ సంచులు కింద పెట్టలేదు.

"బెత్తెడుకి మా అక్క గోడ కూల్పించిన మనిషి మీరు."

"అవును."

"ఆనాడు కొలత తప్పిందా?"

"లేదు. కొలత సరైనదే." ఆయన చెయ్యి జేబులో సుద్దముక్క మీదికి పోయింది. "కొలవడానికి వెళ్లకుండా ఉండాల్సింది. ఒంట్లో బాలేదంటే సరిపోయేది, ఇంకెవరో కొలిచేవారు. మీ అక్క అన్నం పెట్టిన చేతులతో ఆ గోడకి సుద్దగీత గీశాను. ఐదేళ్లుగా అదే నన్ను తింటోంది. నీతో చెప్పడం చేతకాలేదు."

వీధిలో హారను మళ్లీ మోగింది. మామగారు పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ గడప దాటి లోపలికి వచ్చింది. ముందు గది, ఖాళీ స్టాండు, నడవా, వంటిల్లు. వంటింట్లోంచి పెరటి తలుపు తెరిస్తే వీధి. ఆవిడ ఆ తలుపు దాకా వెళ్లింది. గొళ్లెం మీద చెయ్యి వేసింది. తర్వాత సంచులు రెండూ నేల మీద పెట్టి, గోడకి ఆనుకుని, చాలాసేపు ఏడ్చింది. మామగారు నడవాలోనే నిలబడిపోయాడు. వెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యాలని ఆయనకి తెలియదు పాపం, మనవరాలు వెనకనుంచి తోసింది.

కాసేపటికి అత్తగారు మొహం కడుక్కుని మనవరాలిని పిలిచింది. "మీ అత్తని లోపలికి రమ్మను. టీ తాగి బయల్దేరుతుంది. వ్యానువాడికి కూడా ఓ కప్పు ఇవ్వు."

అక్కడ తొంభై కిలోమీటర్ల దారిలో పళ్లావిడ కాళ్లు అరవైకే అయిపోయాయి. మిగతా ముప్పై ఎలా తొక్కిందో ఆమెకే తెలియదు. తనకంటే పెద్దవాళ్లు, లావువాళ్లు, పాత సైకిళ్లవాళ్లు దాటిపోయారు. సైకిళ్లు దిగే చోటికి చేరేసరికి గడువు దాటి ఆరు నిమిషాలైంది. అక్కడున్న ఆడమనిషి సారీ చెప్పి, వంగి, ఆమె చీలమండకున్న, సమయం లెక్కకట్టే పట్టీ విప్పేసింది. పరుగు బూట్లు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. వాటిని సంచిలో పడేసుకుని కారెక్కి, ఊరు చేరేదాకా ఏడ్చింది. మొగుడు నెమ్మదిగా నడిపాడు.

పెరటి తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే, వంటింట్లో అత్తగారు ఉల్లిపాయలు తరుగుతోంది.

"పూర్తిచేశావా?" అంది ఆవిడ.

"లేదత్తయ్యా. ఆరు నిమిషాలు ఆలస్యం. పరుగు దాకా రానివ్వలేదు."

"నా మూలంగా."

కాదని చెబుదామని నోరు తెరిచింది. ఇంక అబద్ధం ఆడే ఓపిక లేదు.

"అవునత్తయ్యా. మీ మూలంగానే."

"మరిప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"ఉండండి."

అత్తగారు కత్తి పక్కన పెట్టి, స్టూలు లాగి, కోడల్ని కూర్చోబెట్టి, ఆమె కాళ్లు తన ఒళ్లోకి తీసుకుంది. పిక్కలు ముట్టుకుంటేనే ఆమెకి ప్రాణం పోయినట్టైంది. "ఉంటాను గానీ నా ఇంట్లోనే ఉంటాను" అంది ఆవిడ, ఒత్తుతూ. "పడుకునేది అక్కడే. నా వంట నాదే. వీధిలోకి వెళ్లాలంటే మాత్రం ఇటే కదా పోవాలి. రోజూ దొంగలా మీ ఇంట్లోంచి తిరగను. నాకు కాగితం కావాలి."

ఆ మాట నడవాలో ఉన్న మామగారి చెవిన పడింది. ఆయన తెల్లకాగితం, పెన్నూ తెచ్చుకుని, బల్ల దగ్గర కూర్చుని, ఆఫీసు భాషలో దారి హక్కు రాయడం మొదలుపెట్టాడు. ముందు గుమ్మం నుంచి పెరటి తలుపు వరకు, గదుల గుండా, నడవా గుండా, ఏ వేళలోనైనా, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా. రాసింది రాసినట్టు పైకి చదివాడు. అందరూ విన్నారు.

"వెడల్పు?" అన్నాడు.

"నాలుగడుగులు" అంది అత్తగారు, తలెత్తకుండానే.

ఆ నడవా వెడల్పు మూడడుగుల రెండంగుళాలు. ఆ సంగతి ఆయనకి టేపు తియ్యకుండానే తెలుసు. ఆవిడకీ తెలుసు, ముప్పై ఏళ్లు అందులో తిరిగిన మనిషి. మామగారు పెన్ను కాగితం మీద పెట్టి, నాలుగు అడుగులు అని రాసి, కింద సంతకం చేశాడు. సాక్షి సంతకం పళ్లావిడ పెట్టింది.